ఉప్పుగాలిని తట్టుకునే ఇంటి కాపలా: ఏ బోర్డు కొనాలి, ఏ సెన్సర్ పెట్టాలి?

ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, వంటింట్లో గ్యాస్ లీకవుతోందా, వీధి తలుపు వేసే ఉందా, కరెంటు ఉందా పోయిందా. ఇంటి గురించి ఫోన్‌లో తెలిస్తే బాగుండు అనిపించేవి దాదాపు ఇవే. వీటికోసం సొంతంగా ఒక సిస్టమ్ కట్టుకుందామని దిగినవాళ్లు చాలామంది బోర్డు దగ్గరే, అంటే సెన్సర్లని చదివి కబురు పంపే చిన్న కంప్యూటర్ దగ్గరే, ఆగిపోతారు. ఈఎస్‌పీ32 కొనాలా, రాస్ప్‌బెర్రీ పై కొనాలా, అల్మారాలో పడి ఉన్న పాత ఫోన్ సరిపోదా? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. అవి చాలావరకు గదిలో టేబుల్ మీద పెట్టి చూపించినవే. అదే సామాను విశాఖ సముద్రతీరాన లాసన్స్ బే కాలనీలో డాబా మీద ఒక వానాకాలం గడిపితే ఎలా ఉంటుందో వాటిలో కనిపించదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విశాఖలో ఈ సిస్టమ్ నిలబడాలంటే బోర్డు ఏదన్నది రెండో విషయం. దానికి కరెంటు ఎలా ఇస్తున్నారు, ఏ డబ్బాలో పెడుతున్నారు, సెన్సర్ ఏ రకం అన్నవే మొదటివి. అయినా అందరూ బోర్డు గురించే అడుగుతారు కాబట్టి దాన్నీ వివరంగానే చూద్దాం.

కొనేముందు తేల్చుకోవలసినవి

*తేమ, ఉప్పు.* బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌ని, ఏసీ బయటి యూనిట్‌ని ఒకసారి చూడండి. మీ బోర్డుకి ఏం జరగబోతోందో అదే చెబుతుంది. వైరు చివర రాగికి పచ్చగా చిలుము పడుతుంది, టంకం లేకుండా గుచ్చే జంపర్ వైర్ల పిన్నులు నల్లబడతాయి. వెంటనే ఆగిపోతే నయమే. అలా ఆగదు, అప్పుడప్పుడూ పిచ్చి రీడింగులు ఇస్తూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పుందేమోనని మీరు రాత్రంతా కోడ్ వెతుక్కుంటారు. సముద్రానికి దూరంగా మధురవాడలోనో పెందుర్తిలోనో ఉంటే ఈ బాధ తక్కువే కాని, తేమ మాత్రం తప్పదు.

*కరెంటు పోవడం, రావడం.* 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యలేదు. అలాంటి తుపానుకు సరిపడా కట్టుకోమని అనను. మామూలు గాలివానకి పోయే గంటా రెండు గంటల కోతను తట్టుకుంటే చాలు. పోవడం కంటే రావడం ముఖ్యం: కరెంటు తిరిగొచ్చాక ఎవరూ ముట్టుకోకుండా సిస్టమ్ తనంతట తాను లేవాలి.

*అక్కడ ఎవరు ఉంటారు.* మీరు బెంగళూరులో, అమ్మానాన్నలు సీతమ్మధారలో ఉన్నారనుకుందాం. "నాన్నా, ఆ స్విచ్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి" అన్నంతవరకే మీరు ఫోన్‌లో చేయించగలిగేది. అంతకు మించి రిపేరు అడిగే సామాను ఆ ఇంట్లో పెట్టకండి.

*చూడటమా, నడిపించడమా.* ట్యాంకు నిండిందని తెలుసుకోవడం ఒక పని, మోటర్ ఆపడం ఇంకో పని. మొదటిదాంట్లో తప్పు జరిగితే ఒక మెసేజ్ రాదు. రెండోదాంట్లో తప్పు జరిగితే మోటర్ కాలిపోవచ్చు. కొత్తవాళ్లు మొదటిదానితోనే ఆగితే మంచిది. ఎందుకంటే ఆన్‌లైన్‌లో అమ్మే నీలం రంగు చిన్న రిలే (బోర్డు చెప్పగానే కరెంటు ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కాని, మోటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటు మామూలుగా నడిచేటప్పటికంటే చాలా రెట్లు ఎక్కువ. ఆ దెబ్బకి రిలే కాంటాక్టులు అతుక్కుపోతే మీరు యాప్‌లో ఎంత ఆఫ్ నొక్కినా మోటర్ ఆగదు. మోటర్‌ని నడిపించి తీరాలంటే ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్, అంటే మోటర్ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్, పెట్టించుకోండి.

ఒక చూపులో

కరెంటు ఖర్చు 24 గంటలూ ఆన్‌లో ఉంటే నెలకు అయ్యే సుమారు లెక్క.

| ఎంపిక | ఎందుకు పనికొస్తుంది | ఖర్చు | నెలకు యూనిట్లు | కరెంటు పోయి వస్తే |
|---|---|---|---|---|
| ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 | సెన్సర్లు చదవడం, అలర్ట్ పంపడం | వందల్లో | అర యూనిట్ లోపు | క్షణాల్లో లేస్తుంది |
| ఆర్డుయినో ఊనో | నేర్చుకోవడం | వందల నుంచి వేలల్లో | అర యూనిట్ లోపు | లేస్తుంది, కాని నెట్ లేదు |
| రాస్ప్‌బెర్రీ పై 4 | అన్నిటినీ కలిపే కేంద్రం, రికార్డులు | వేలల్లో | సుమారు 3 | లేస్తుంది, మెమరీ కార్డు పాడయ్యే భయం |
| పాత ల్యాప్‌టాప్ | కేంద్రం, కెమెరా రికార్డింగ్ | ఇంట్లో ఉన్నదే | 10 నుంచి 15 | బ్యాటరీ బాగుంటే ఆగనే ఆగదు |
| పాత ఆండ్రాయిడ్ ఫోన్ | కెమెరా, కరెంటు పోయిందన్న కబురు | ఇంట్లో ఉన్నదే | 1 లేదా 2 | ఆగదు |
| రెడీమేడ్ జిగ్బీ (తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్ పద్ధతి) సెన్సర్లు | తలుపు, అలికిడి, నీటి లీకు | ఒక్కోటి వందల నుంచి వెయ్యి పైన | సెల్‌తో నడుస్తాయి | వాటికి సంబంధం లేదు, వాటిని కలిపే హబ్‌కి కరెంటు ఉండాలి |

ఈఎస్‌పీ బోర్డులు

2014లో వచ్చిన ఈఎస్‌పీ8266, 2016లో వచ్చిన ఈఎస్‌పీ32 రెండూ వైఫై లోపలే ఉన్న చిన్న చిప్‌లు. నోడ్‌ఎంసీయూ అని అమ్మేది మొదటిదానితో చేసిన బోర్డు. ట్యాంకు ఒక్కటే చూడాలంటే ఈఎస్‌పీ8266 బోలెడు. దానికి అనలాగ్ పిన్ (ఉందా లేదా అనే కాకుండా ఎంత అన్నది చదివే పిన్) ఒక్కటే ఉంటుంది కాబట్టి రెండు మూడు సెన్సర్లు పెట్టే ఉద్దేశం ఉంటే ఈఎస్‌పీ32 తీసుకోండి. బ్లూటూత్ కూడా వస్తుంది, ధరలో తేడా పెద్దగా లేదు.

ఈఎస్‌పీ32లో ఒక చిక్కు ఉంది. దాని అనలాగ్ పిన్నులు రెండు గుంపులు. రెండో గుంపు వైఫై ఆన్‌లో ఉన్నప్పుడు పనిచెయ్యదు. గ్యాస్ సెన్సర్‌ని 25, 26, 27 నంబర్ల పిన్నులకి కలిపి, విడిగా టెస్ట్ చేస్తే బాగానే ఉంటుంది, వైఫై కలపగానే ఏమీ రాదు. 32 నుంచి 39 మధ్య ఉన్న పిన్నులకి కలిపితే గొడవ లేదు. ఇంకోటి, ఈ బోర్డులకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది. కొత్త రౌటర్లు 2.4, 5 రెండిటినీ ఒకే పేరుతో ఇస్తాయి. అలా ఉన్నచోట బోర్డు కలవకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4కి వేరే పేరు పెట్టండి.

బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుందని చదివి ఉంటారు. అది ఒట్టి చిప్ సంగతి. మనం కొనే బోర్డు మీద వోల్టేజ్ రెగ్యులేటరు, పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్ కూడా ఉంటాయి. చిప్ నిద్రపోయినా అవి తింటూనే ఉంటాయి. ఒక 18650 రీఛార్జబుల్ సెల్‌తో మామూలు బోర్డు రెండు వారాలు వస్తే గొప్పే. ప్లగ్ దగ్గర్లో ఉంటే పాత ఫోన్ ఛార్జర్‌తో నడిపించడమే హాయి.

కోడ్ రాయడం రాకపోయినా ఈఎస్‌పీహోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాలుగు లైన్ల సెట్టింగ్ రాస్తే సెన్సర్ పనిచేస్తుంది. కేంద్రం ఏదీ లేకుండా ఈ బోర్డు ఒక్కటే టెలిగ్రామ్‌కి నేరుగా మెసేజ్ పంపగలదు. ఒకటి రెండు సెన్సర్లతో సరిపెట్టుకునే ఇంటికి ఇంతకంటే అవసరం లేదని నా ఉద్దేశం.

ఆర్డుయినో ఊనో

నేర్చుకోవడానికి మంచిది. బీటెక్ ప్రాజెక్టుకు బాగుంటుంది. ఇంట్లో శాశ్వతంగా పెట్టడానికి మాత్రం, పాత ఊనోలో వైఫై లేదు, మెమరీ 2 కిలోబైట్లే. వైఫై ఉన్న కొత్త ఊనో ఆర్4 ధరకి రెండు మూడు ఈఎస్‌పీ బోర్డులు వస్తాయి.

రాస్ప్‌బెర్రీ పై

ఇది పూర్తి కంప్యూటర్, పొట్టిగా "పై" అంటారు. హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనిమీద పెడితే ఇంట్లో సెన్సర్లన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి, నెలల రికార్డు దాచుకోవచ్చు, "రాత్రి 11 తర్వాత తలుపు తెరిస్తే ఫోన్‌కి చెప్పు" లాంటి నియమాలు పెట్టుకోవచ్చు. ఈ పనికి 2 జీబీ లేదా 4 జీబీ పై 4 చాలు. పై 5 వేగంగా ఉంటుంది, కాని 5 ఆంపియర్ల సప్లై అడుగుతుంది, వేడి కూడా ఎక్కువ. మే నెలలో గాలి ఆడని మూల దాన్ని పెట్టాలంటే ఫ్యాన్ ఉండాలి. చిన్నదైన జీరో 2 డబ్ల్యూలో 512 ఎంబీ మెమరీయే ఉంటుంది, హోమ్ అసిస్టెంట్‌కి అది ఇరుకు.

సెన్సర్లను నేరుగా రాస్ప్‌బెర్రీ పైకే తగిలించేద్దాం అనుకుంటారు చాలామంది. రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ పిన్నులే లేవు. పైగా ట్యాంకు డాబా మీద, సిలిండర్ వంటింట్లో, తలుపు వీధి వైపు ఉంటాయి. ఒక్కచోట కూర్చునే కంప్యూటర్ నుంచి అన్నిటికీ వైర్లు లాగలేరు. సెన్సర్ దగ్గర ఈఎస్‌పీ, హాల్లో పై అనే పద్ధతే నిలబడుతుంది.

రాస్ప్‌బెర్రీ పై అసలు బలహీనత మెమరీ కార్డు. రాస్తూ ఉండగా కరెంటు పోతే కార్డులో ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. పై 4ని యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ నుంచి నడిపిస్తే ఆ భయం చాలా తగ్గుతుంది. "ఇన్వర్టర్ ఉంది కదా" అంటారు. మామూలు హోమ్ ఇన్వర్టర్ మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు క్షణకాలం ఖాళీ వస్తుంది. ఫ్యాన్‌కి అది తెలియదు, పై మాత్రం రీస్టార్ట్ అయిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ స్విచ్ ఒకటి ఉంటుంది. అది వేసి చూడండి. ఫోన్ ఛార్జర్‌తో పై 4ని నడిపించకండి, దానికి నికరంగా 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి.

పాత ల్యాప్‌టాప్, పాత ఫోన్

బ్యాటరీ ఇంకా బతికున్న ల్యాప్‌టాప్ ఉంటే పై కొనకండి. యూపీఎస్ దాంట్లోనే ఉంది, హార్డ్‌డిస్క్ ఉంది, కెమెరా వీడియో దాచగల బలం ఉంది. నెలకి పది యూనిట్లు ఎక్కువ కాలుతుంది, అంతే.

పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని తక్కువ అంచనా వేస్తారు. బ్యాటరీ, కెమెరా, వైఫై, సిమ్ అన్నీ ఉన్న డబ్బా అది. ఛార్జింగ్ ఆగిపోతే మెసేజ్ పంపేలా ఆటోమేషన్ యాప్ పెడితే "ఇంట్లో కరెంటు పోయింది" అన్న కబురు మొబైల్ డేటా మీద మీకు చేరుతుంది. రౌటర్ ఆగిపోయినా సరే. ఏళ్ల తరబడి ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక మూత ఎత్తుగా కనిపిస్తే ఆ రోజే తీసెయ్యండి. దిండ్లూ కర్టెన్ల పక్కన ఎప్పుడూ పెట్టకండి.

రెడీమేడ్ సెన్సర్లు

తలుపుకి అతికించే జిగ్బీ సెన్సర్ నాణెం సెల్‌తో ఏడాది, ఒక్కోసారి అంతకు మించి వస్తుంది. అంత చిన్నగా, అంత చక్కగా మనం ఇంట్లో చెయ్యలేం. పై లేదా ల్యాప్‌టాప్‌కి ఒక జిగ్బీ యూఎస్‌బీ స్టిక్ పెడితే ఏ కంపెనీ సర్వరుతోనూ పని లేకుండా నడుస్తాయి. వైఫైతో నడిచే రెడీమేడ్ పరికరాలు కొనేముందు మాత్రం ఒకటి అడగండి: నెట్ లేకపోతే ఇంట్లోపల అయినా పనిచేస్తుందా? కంపెనీ సర్వర్ ఆపేస్తే మీ వస్తువు షోకేసులోకి పోతుంది.

అసలు తేడా తెచ్చేది సెన్సర్

*ట్యాంకు.* శబ్దం పంపి అది తిరిగొచ్చే సమయంతో నీటికి దూరం కొలిచే సెన్సర్లలో చవగ్గా దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్04కి ముందు రెండు గుండ్రటి జాలీ కళ్లుంటాయి. సింటెక్స్ ట్యాంకు మూత లోపలి వైపు తెల్లారేసరికి నీటి బొట్లు వేలాడుతుంటాయి. ఆ బొట్లు జాలీలోకి దిగుతాయి, కొన్నాళ్లకి అంచుల్లో తుప్పు కనిపిస్తుంది, తర్వాత నిండు ట్యాంకుని ఖాళీ అని చెబుతుంది. కారు పార్కింగ్ సెన్సర్‌లా మూసి ఉండే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ కాస్త ఖరీదైనా అదే తీసుకోండి. అయితే అది సుమారు 25 సెంటీమీటర్ల లోపు దూరాన్ని సరిగా కొలవలేదు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు కూడా నీటికి, సెన్సర్‌కి మధ్య ఆ ఖాళీ ఉండేలా ఎత్తులో బిగించాలి. నీళ్లు పడే పైపుకి ఎదురుగా పెట్టకండి, ధారని చూసి మట్టం అనుకుంటుంది. వీటి ఎకో పిన్ (కొలతని బోర్డుకి చెప్పే పిన్) 5 వోల్టులిస్తుంది, ఈఎస్‌పీ తట్టుకునేది 3.3. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో తగ్గించాలి.

"నిండిందా, అడుగంటిందా" తెలిస్తే చాలు, శాతాలు అక్కర్లేదు అనుకుంటే పై మట్టానికొకటి, కింది మట్టానికొకటి ఫ్లోట్ స్విచ్‌లు (నీటిపై తేలే స్విచ్‌లు) పెట్టండి. మున్సిపల్ నీళ్లు సంపులోకి ఎప్పుడు వచ్చాయో తెలుసుకోవడానికీ సంపులో ఒక ఫ్లోట్ స్విచ్ చాలు. దాంట్లో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు.

*గ్యాస్.* ఇక్కడ సొంత తయారీని నమ్ముకోవద్దు. ఎంక్యూ-6 లాంటి సెన్సర్లు తేమకి, వేడికి రీడింగ్ మారుస్తాయి. కొత్తది పెట్టాక ఒకటి రెండు రోజులు వేడెక్కితేగాని కుదురుకోదు. సైరన్ ఉన్న రెడీమేడ్ గ్యాస్ అలారం ఒకటి కొని, దానికి అదనంగా మీ సెన్సర్ పెట్టుకోండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, కాబట్టి సెన్సర్ నేలకి జానెడు, మూరెడు ఎత్తులో ఉండాలి, చిమ్నీ దగ్గర కాదు. లీకైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతట అదే తిరిగేలా పెట్టే వీడియోలు తిరుగుతున్నాయి. రిలేలో వచ్చే చిన్న నిప్పురవ్వే చాలు, ఆ పని చెయ్యకండి. లీకు గురించి ఫోన్ చెయ్యాల్సింది 1906కి.

*వేడి, తేమ.* డీహెచ్‌టీ11 తేమని 80 శాతం వరకే నమ్మకంగా చెబుతుంది. మన ఊళ్లో తెల్లవారుజాము తేమ అక్కడి నుంచే మొదలవుతుంది. డీహెచ్‌టీ22 మెరుగు, ఎస్‌హెచ్‌టీ31 ఇంకా మెరుగు, దాంట్లో తడిని ఆరబెట్టుకునే చిన్న హీటర్ కూడా ఉంది. తేమ కూడా కొలిచే బీఎంఈ280 అని చెప్పి తేమ కొలవని బీఎంపీ280ని అంటగట్టడం మామూలే, వచ్చాక చెక్ చేసుకోండి. ఏది కొన్నా ఈఎస్‌పీ ఉన్న డబ్బాలోనే పెడితే బోర్డు వేడికి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.

*గాలి.* పోర్టు దగ్గర, వన్ టౌన్ వైపు ఉండేవాళ్లు నల్లటి దుమ్ము కొలవాలని అడుగుతుంటారు. పీఎంఎస్5003 లాంటి లేజర్ సెన్సర్లు సన్నటి ధూళిని చూస్తాయి కాని, బొగ్గు దుమ్ములోని ముతక రేణువుల్ని సరిగా లెక్కపెట్టలేవు. తేమ ఎక్కువైతే నీటి కణాల్ని కూడా ధూళిలో కలిపేసి ఎక్కువ చూపిస్తాయి. మీ ఇంట్లో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి పనికొస్తాయి, ఎవరిమీదో ఫిర్యాదుకి సాక్ష్యంగా కాదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకయ్యాక ఎంక్యూ-135 అనే చవక గాలి సెన్సర్ పెడితే విషవాయువు తెలుస్తుందా అని కొందరికి ఆశ పుట్టింది. అది ఏ వాయువో విడదీసి చెప్పలేదు. అగరొత్తికీ, హిట్ స్ప్రేకీ, పోపుకీ అన్నిటికీ ఒకేలా ఎగురుతుంది.

*అలికిడి, కెమెరా.* అలికిడి చూసే పీఐఆర్ సెన్సర్ మనిషి ఒంటి వేడికి, గదికి ఉన్న తేడాని పట్టుకుంటుంది. మే మధ్యాహ్నం గది 36 డిగ్రీలుంటే మందగిస్తుంది. కెమెరా కావాలంటే కెమెరా ఉన్న ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డు జోలికి పోకుండా ఆర్‌టీఎస్‌పీ (వీడియోని మీ కేంద్రానికి నేరుగా పంపే పద్ధతి) ఇచ్చే మామూలు వైఫై కెమెరా కొనండి.

డబ్బా, వైర్లు

బయట పెట్టేదానికి దుమ్ము, వాన లోపలికి పోని ఐపీ65 జంక్షన్ బాక్సు, వైరు దూరేచోట దాని చుట్టూ బిగుసుకునే కేబుల్ గ్లాండ్ ఉండాలి. వైరు డబ్బాలోకి కింది నుంచి, కాస్త వేలాడి పైకి మళ్లేలా రావాలి, అప్పుడు వాన చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. పూర్తిగా మూసిన డబ్బాలో కూడా లోపలి గాలి చల్లబడితే తడి పేరుకుంటుంది కాబట్టి అడుగున ఒక చిన్న చిల్లు మంచిదే. జంపర్ వైర్లు టెస్టింగ్ వరకే, ఆ తర్వాత టంకం పెట్టించండి. టంకం మీద తేమ తగలకుండా పొరలా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే కొట్టండి, సెన్సర్ కళ్ల మీద మాత్రం పడకూడదు.

మీరు ఏది కొనాలి

గాజువాకలోనో పెందుర్తిలోనో సొంత ఇల్లు, ట్యాంకు గోల ఒక్కటే అయితే: నోడ్‌ఎంసీయూ ఒకటి, ఫ్లోట్ స్విచ్‌లు లేదా జేఎస్‌ఎన్ సెన్సర్, పాత ఛార్జర్, ఐపీ65 డబ్బా. అపార్ట్‌మెంట్ అయితే ట్యాంకు ఉమ్మడిది, ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి.

అద్దె ఇల్లు అయితే గోడలకి చిల్లులు పెట్టే పని పెట్టుకోకండి. అతికించే జిగ్బీ సెన్సర్లు, ఒక స్టిక్, పాత ల్యాప్‌టాప్. ఇల్లు మారితే సంచిలో వేసుకుని పోవచ్చు.

అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్న ఇంటికి ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది రౌటర్ బ్యాకప్ మీద. కరెంటు పోగానే రౌటర్, ఫైబర్ డబ్బా రెండూ ఆగితే మీకేమీ తెలియదు. వాటి కోసమే 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి, రెండిటికీ సరిపోయేది చూసుకోండి. అది కూడా ఆగిపోయినప్పటి కోసం ఎస్ఎంఎస్ దారి ఒకటి ఉండాలి. సిమ్ వేసి బోర్డుకి తగిలించే ఎస్ఐఎం800ఎల్ మాడ్యూల్ చవక కాని అది 2జీది, జియో సిమ్ దాంట్లో పనిచెయ్యదు. పాత ఫోన్ పెట్టడమో, ఏ7670సీ లాంటి 4జీ మాడ్యూల్ కొనడమో మేలు. గదుల్లో కెమెరాలు వద్దు, వాళ్లకి నచ్చదు, మీకూ చూస్తూ కూర్చోవడం నచ్చదు. వంటింటి గుమ్మం దగ్గర ఒక అలికిడి సెన్సర్ పెట్టి, ఉదయం 8 దాకా కదలిక లేకపోతే మెసేజ్ వచ్చేలా చేస్తే చాలు. మెసేజ్ రాగానే మీరే ఫోన్ చేస్తారు. ఎండాకాలంలో కూడా ఉదయం పూట వేడి అంత ఉండదు కాబట్టి సెన్సర్ సరిగానే పట్టుకుంటుంది.

బయటి ఊరి నుంచి ఆ ఇంటి కేంద్రాన్ని చూడటానికి రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికొచ్చే దారులు) తెరవకండి. చాలా ఫైబర్ కనెక్షన్లలో సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు కాబట్టి తెరిచినా పనిచెయ్యదు, పనిచేస్తే ఇంకా ప్రమాదం. మీ పరికరాల మధ్య మాత్రమే ప్రైవేటు దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటిది రాస్ప్‌బెర్రీ పైలోనూ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. ఇదంతా మీరు సెలవుకి ఊరొచ్చినప్పుడు బిగించి, తిరుగు రైలు ఎక్కేముందే మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి వేసి, అన్నీ వాటంతట అవే లేచాయో లేదో చూసుకోండి.